యాకోబుగారి నిలువెత్తు ఫోటో కోసం

సెలవు మీద స్వదేశం వచ్చినవాడు తిరుపతి వెళ్తాడు, లేదంటే అత్తారింట్లో కూర్చుని గారెలు తింటాడు. నడివేసవిలో బొగ్గుగనులకు బయలుదేరుతున్నానంటే మా బందరులో అందరూ నాకేదో గాలి సోకిందన్నట్టు చూశారు. "కువైట్ ఎండ నీకు చాల్లేదట్రా?" అని మా బావగారు ఎగతాళి చేశారు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే నాకు భయం. అయినా వెళ్లాను. మాటిచ్చాను కదా మరి! బొగ్గు పొయ్యిలో వేసుకోవడమే తప్ప అది వచ్చే ఊరు చూడని మీబోటివాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

కువైట్‌లో నా కొలువు

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ప్రయాణం ఎందుకో మీకు అర్థం కాదు. బంగారు కొట్ల వెనక సందులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను. యజమాని లెబనాన్ మనిషి. మనసు వెన్న, నోరు మాత్రం మిరపకాయ. పరాయి దేశంలో ఫోటోగ్రాఫరంటే ఎడారులూ ఒంటెలూ తీస్తూ తిరుగుతాడని మీరు అనుకుంటారు. ఏ ఒంటే లేదు. పొద్దస్తమానం చీకటి గదిలో ఉంటాను. వేసవిలో అక్కడ కుళాయి తిప్పితే వచ్చే నీళ్లతో కాఫీ కలుపుకోవచ్చు. అందులో ఫిల్ము కడిగితే బొమ్మ కరిగిపోతుంది. అందుకని రోజూ మంచుగడ్డలు కొని తెచ్చి, వాటి మధ్య డబ్బాలు పెట్టి ఫిల్ము కడిగే మందు చల్లబరుస్తాను. ఇసుకగాలి వీచిన రోజైతే ఆ పని కూడా బందే. ఆడవాళ్ల ఫోటోలు తెర వెనక యజమాని భార్యే తీస్తుంది. పెళ్లిళ్లకు పోతే నాకు మగవాళ్ల విడిదిలోనే పని. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లికూతురి మొహం చూడలేదు.

అక్కడ సెలవు రోజైన శుక్రవారం మాత్రం మా స్టూడియో మనవాళ్లతో నిండిపోతుంది. మలయాళీలు, పంజాబీలు, మన తెలుగువాళ్లు. గోడ మీద మంచుకొండ, సరస్సు బొమ్మ. చిలక్కొయ్యకు ఒక నల్లకోటు. వచ్చినవాడల్లా ఆ కోటే వేసుకుంటాడు. లావుపాటివాడైతే బొత్తాలు పెట్టుకోడు. బక్కవాడైతే నేను వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాను. చేతిలో స్టూడియో ట్రాన్సిస్టరు. తరవాత నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో గీకి లోతు బుగ్గలు పూడుస్తాను. ఆ ఫోటోలు చూసి "మావాడు ఒళ్లు చేశాడు" అని ఎన్ని కొంపల్లో మురిసిపోయారో! నా పెన్సిలుకే తెలుసు ఆ ఒళ్లు ఎక్కడినుంచి వచ్చిందో.

దానియేలు నా గదిలోనే ఉంటాడు. గోదావరిఖని కుర్రవాడు, గొట్టాల కంపెనీలో ఫిట్టరు. తండ్రి యాకోబుగారు గనిలో బొగ్గు కొట్టే కార్మికుడు. దానియేలు కూడా ఆ నల్లకోటులోనే ఫోటో దిగి, పెద్దది చేయించి, బంగారు రంగు చట్రం కట్టించి అమ్మానాన్నలకు పంపాలనుకున్నాడు. ఈలోగా మంచిర్యాల నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన మాటల్లో ఒక వార్త జారవిడిచాడు. కొన్ని నెలల కిందట ఖని దగ్గర ఏదో బాయిలో పైకప్పు కూలిందట. ఎవరికి ఏమైందో ఆయనకు తెలియదు. గనిని ఆ వైపు బాయి అనే అంటారు.

ఆ రోజు నుంచి దానియేలుకు తిండి సయించలేదు. ఇంటికి ఉత్తరం రాస్తే "అందరం క్షేమం, నాయిన డ్యూటీకి పోతున్నడు" అని జవాబు. యాకోబుగారికి చదువు లేదు. ఉత్తరం ఎప్పుడూ ఎవరో రాసిపెట్టేదే. దానియేలు పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గరుంది, ఒప్పందం గడువు తీరలేదు. కదలడానికి లేదు.

"అన్నా, మనం ఇంటికి పంపే ఫోటోలు ఎసొంటివో నాకెర్కనే గదా. ఆళ్ల ఉత్తరాలు గూడ గసొంటియే," అన్నాడు. "నువ్వు ఒక్కసారి పోయి మా నాయినను కండ్లార సూడు. తలకాయ నుంచి కాళ్ల దాక నిలువు ఫోటో తీస్కరా. పెన్సిలు మాత్రం పెట్టకు. డ్యూటీల ఉన్నడంటే నమ్మకు."

చట్రం కట్టిన తన ఫోటోను దుప్పటిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

రైల్లో అవ్వ

కాజీపేటలో పాసింజరు ఎక్కాను. నా పెట్టె, కెమెరా సంచి, ముక్కాలి స్టాండు, దానికితోడు ఈ చట్రం. ఎక్కడ పెట్టినా ఎవరి మోకాలికో తగిలేది. చివరికి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. ఎదురుగా ఒక అవ్వ, మామిడికాయల గంపతో. మనవాళ్లు రైల్లో ఎదుటివాణ్ణి పలకరించడానికి రెండు స్టేషన్లు ఆలోచిస్తారు. అవ్వ రైలు కదలకముందే మొదలుపెట్టింది.

"ఏడికి బిడ్డా?"

"గోదావరిఖని అవ్వా."

"గా మూటల ఏంది?"

"ఫోటో. మా స్నేహితుడిది. వాళ్ల అమ్మకు ఇద్దామని."

అవ్వ మొహం ఒక్కసారి వాడిపోయింది. "అయ్యో కొడుకా, ఎంత వయసుండె?" అంది. ఇరవై ఆరని చెప్పాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత గంపలోంచి మూట విప్పి, నువ్వులూ పల్లీలూ అద్ది గిన్నెలో కాల్చిన బియ్యప్పిండి రొట్టె ముక్క నా చేతిలో పెట్టింది. సర్వపిండి అంటారట. ఆహా! మన దిబ్బరొట్టె దీని ముందు దిగదుడుపే. "తిను బిడ్డా, తినకుంటె మనుషులు ఎట్ల బతుకుతరు," అని అవ్వ నన్ను ఓదారుస్తూనే ఉంది. ఎందుకు ఓదారుస్తోందో నాకు బోధపడలేదు. ఈ వైపు మనుషుల మనసు మెత్తన కాబోలు అనుకుని ఇంకో ముక్క తీసుకున్నాను.

పెద్దపల్లి

రైలు పెద్దపల్లిలో ఎందుకో ఆగిపోయింది. ముందు బండేదో పట్టాలు తప్పిందన్నారు, గేదె అడ్డొచ్చిందన్నారు, తలా ఒక మాట. ఆకలేసి దిగి ఊళ్లోకి పోయాను. భోజనమడిగితే హోటలాయన నా మొహం చూసి "ఆంధ్రా సారా? కారం తక్కువేయమంటరా?" అని జాలిపడ్డాడు. నాకు పౌరుషం వచ్చింది. మేము తినే కారం వీళ్లకేం తెలుసని వెయ్యమన్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎండుమిరపకాయల తొక్కు. మొదటి ముద్దకే కళ్లవెంట నీళ్లు. హోటలాయన మంచివాడు, చూడనట్టు అటు తిరిగి నవ్వుకున్నాడు. పూర్తి భోజనం రూపాయిన్నర. కువైట్‌లో ఆ డబ్బుకు గుక్కెడు సోడా రాదు. చాయ్ మాత్రం ఇద్దరు ఒక కప్పు తెప్పించుకుని, ఒకరు కప్పులో, ఒకరు సాసరులో తాగుతారు. ముక్కూమొహం తెలియని ఒక పోస్టుమాను నాతో అలాగే పంచుకున్నాడు. బందరులో సొంత తమ్ముడికి కూడా నేను ఎంగిలి సాసరు ఇవ్వను.

రైలు కదిలే సూచన లేదు. బస్సెక్కాను.

బస్సులో కనకయ్య

రామగుండం దాటేసరికి లోకం రంగు మారిపోయింది. రోడ్డు నలుపు, ఆకులు నలుపు, ఇళ్ల మీద పెంకులు నలుపు. ఎటు చూసినా కొత్త గొట్టాలు, చిమ్నీలు, లారీలు. నా తెల్లచొక్కా రామగుండంలో బూడిదరంగు, ఖని పొలిమేరలో అంతకన్నా ముదురు. కెమెరా సంచిని చంటిపిల్లలా కడుపుకు హత్తుకున్నాను.

పక్కన ఒక నడివయసు మనిషి. చెవుల వెనక ఇంకా బొగ్గు ఉంది. పేరు కనకయ్య. దగ్గర పల్లెలో ఎకరం పొలం, ఇక్కడ గనిలో కొలువు. పంటకాలం వస్తే నాగలి పట్టి, అది కాగానే మళ్లీ డ్యూటీ ఎక్కే మనిషి. యాకోబుగారి ఇల్లు ఎక్కడని అడిగాను.

"మా లైనే సార్. మా పక్క క్వార్టరే," అన్నాడు.

ఆయన వైపు పూర్తిగా తిరిగాను. "ఆయన ఎలా ఉన్నారు?"

కనకయ్య కిటికీలోంచి బయటకు చూశాడు. "ఉన్నడు. మంచిగనే ఉన్నడు," అన్నాడు. ఆ చెప్పడంలో బొత్తిగా ఉత్సాహం లేదు. మంచిగా ఉన్నవాడి గురించి ఎవరైనా అలా చెబుతారా? తరవాత నా ఒళ్లో మూట చూసి, "గదేంది సార్?" అన్నాడు.

"దానియేలు ఫోటో. కువైట్ నుంచి తెచ్చాను. వాళ్లమ్మగారికి ఇవ్వాలి."

కనకయ్య నోరు తెరిచి మూసుకున్నాడు. ఆ తరవాత దారి పొడుగునా ఒక్క మాట లేదు. నేనేమనుకోను? యాకోబుగారు పోయారు, ఆ మాట చెప్పడానికి ఈయనకు నోరు రావడం లేదు. అంతే అనుకున్నాను. బస్సు ఆగీ ఆగకముందే కనకయ్య దూకి, పంచె ఎగగట్టి పరుగు తీశాడు.

లైన్లలో ఏడుపు

కంపెనీ ఇళ్లను లైన్లంటారు. పొడుగ్గా ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్లు. దారి అడగాల్సిన పని లేకపోయింది. ఏడుపు వినపడుతున్న వైపు నడిచాను. గుమ్మం ముందు ఆడవాళ్లు గుంపు కట్టారు. మధ్యలో ఒక పెద్దావిడ గుండెలు బాదుకుంటోంది. దానియేలు తల్లి రూతమ్మగారు ఆవిడే అని వేరే చెప్పాలా?

ఇంకేముంది, నా అనుమానం నిజమైంది. పరాయి దేశంలో ఆ కుర్రవాడికి ఏమని చెప్పను? నాకూ దుఃఖం ఆగలేదు. గుంపులోంచి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. "అమ్మా, దానియేలు రాలేకపోయాడమ్మా. నన్ను పంపించాడు," అన్నాను.

ఆమె ఏడుపు ఠక్కున ఆగింది. "పంపిండా? ఎవలు పంపిన్రు?"

"దానియేలే."

"ఎప్పుడు?"

"నేను ఓడ ఎక్కేటప్పుడు రేవుదాకా వచ్చాడు కదా."

"అప్పటికి పాణంతోని ఉన్నడా?"

"అదేం మాటమ్మా! ఇప్పుడూ నిక్షేపంగా ఉన్నాడు!"

గుంపులో అందరూ కనకయ్య వైపు తిరిగారు. పాపం, ఆయన ఎక్కడ దాక్కోవాలో తెలియక నీళ్లబిందె వెనక్కి జరిగాడు. అప్పుడు ఒక ముసలావిడ నన్ను ఉతికి ఆరేసింది. "బతికున్నోనికి గింత పెద్ద పటం ఎవలు కట్టిస్తరయ్యా? ఒక్కని ఫోటో, సుట్టూత సట్టం, తెచ్చేటోడు పరాయి మనిషి. గిట్ల ఎప్పుడొస్తదో నీకు తెల్వదా?"

గనుల ఊళ్లో అదీ లెక్క. బతికి ఉన్నవాళ్ల ఫోటోలు చిన్నవి, పెట్టెల్లో ఉంటాయి. ఒంటరి మనిషి బొమ్మ పెద్దదై, చట్రంలోకి ఎక్కి, గోడ మీదికి వచ్చిందంటే ఆ మనిషి ఇక పైకి రాలేదని అర్థం. రైల్లో అవ్వ పెట్టిన సర్వపిండి ఎందుకో అప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. మా బందరులో ప్లీడర్లు తమ ఫోటోలు తామే పెద్దవి చేయించుకుని, వాటి కిందే కూర్చుని కేసులు చూస్తారు. ఆ ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు, ఉండాల్సిన పనీ లేదు.

రూతమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని మూట విప్పింది. కొడుకును ఆపాదమస్తకం చూసింది. ఏడ్చిన కళ్లతోనే నవ్వింది.

"గీ కోటు ఆనిదేనా?"

అబద్ధం ఆడబోయాను. "స్టూడియోదమ్మా," అనేశాను.

"గదే అనుకున్న. వేళ్లు తప్ప సెయ్యి కనవడ్తలే. బుగ్గలు గూడ ఆనియి గావు."

నా పెన్సిలు పనిని కువైట్‌లో ఎవరూ పట్టుకోలేదు. తల్లి ఒక్క చూపుతో పట్టేసింది.

డ్యూటీల ఉన్నడు

అంతా తేరుకున్నాక అడిగాను, "మరి యాకోబుగారు?"

"డ్యూటీల ఉన్నడు," అంది రూతమ్మగారు. ఏ మాట నమ్మవద్దని దానియేలు చెప్పాడో సరిగ్గా అదే మాట.

నిలువు ఫోటో తీయడానికి వచ్చానని చెప్పాను. ఆమె కనకయ్య చెవిలో ఏదో చెప్పింది. ఆయన మళ్లీ పరుగు. పిలుచుకురావడానికేమో అనుకున్నాను. సాయంత్రం సైరన్ కూసింది. గని వైపు నుంచి మనుషులు గుంపులు గుంపులుగా వచ్చారు. మొహాలన్నీ నల్లగా, కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా. ఫోటోగ్రాఫరుకు అంతకన్నా ఏం కావాలి! నా చేతులు కెమెరా మీదికి పోయాయి. కానీ వాళ్లలో ఒక్కరూ ఈ గుమ్మం వైపు తిరగలేదు. "ఓటీకి ఆపిన్రు," అంది రూతమ్మగారు. తెల్లారి అడిగితే "అటే ఇంకో షిఫ్టు చేస్తున్నడట" అంది.

మర్యాదకు లోటు చేయలేదు. ప్రార్థన చేసి, కోడికూర వడ్డించి, "తిను బిడ్డా, కువైట్ల గివన్ని దొరుకుతయా?" అని కొసరి కొసరి పెట్టింది. నేను తింటూ ఆమె నుదురు చూశాను. మా వైపు అయితే ఆడమనిషి నుదురు చూస్తే ఇంటి సంగతి తెలిసిపోతుంది. ఇది క్రైస్తవుల ఇల్లు. ముందునుంచే బొట్టు లేదు, నల్లపూసలు లేవు. ఆ నుదుట నేను చదవగలిగింది ఏదీ లేదు. మంచం కిందికి చూస్తే ఒక జత పెద్ద బూట్లు. గనిలో వేసుకునేవి. వాటికి సాలెగూడు పట్టి ఉంది.

డ్యూటీలో ఉన్న మనిషి బూట్లు సాలెపురుగుకు ఎందుకిస్తాడు? నేను ఆపుకోలేకపోయాను. "అమ్మా, నేను మీ కొడుకుతో ఒకే గదిలో ఉంటాను. వాడు రాత్రీ పగలూ కుమిలిపోతున్నాడు. నిజం చెప్పండి. ఆయన ఉన్నారా, లేరా?"

రూతమ్మగారు చివ్వున లేచింది. "ఏందయ్యా గా మాట! నా మొగడు గుండు లెక్క ఉన్నడు!"

"మరి చూపించరేం? ఇలాగే వెనక్కి పోతే మీ దానియేలు ఏమనుకుంటాడు? నేను ఇప్పుడు ఏమనుకుంటున్నానో అదే అనుకుంటాడు."

ఆమె కోపం మెల్లగా దిగింది. "కనకయ్యా, ఇగ లాభం లేదు," అని కేకేసింది. "నడువు, నస్పూరు పోదాం. గాయనతోని నేను మాట్లాడ్త."

అప్పుడు కనకయ్య బయటపెట్టాడు. "యాకోబన్న గోదావరి అవతల నస్పూరుల వాళ్ల చెల్లె ఇంటికి పోయిండు సార్. నిలువు ఫోటో అన్నరని చెప్పిన. గంతే, డ్యూటీ దిగి దిగంగనే రైలెక్కిండు."

బతికి ఉన్నాడన్న సంతోషంలో ఆయన ఎందుకు పారిపోయాడన్నది నాకు వెంటనే తట్టలేదు.

గోదావరి దాటి

రైలుకు చాలా సమయం ఉందని నదిలో నడిచే పోయాం. వేసవి గోదావరి కదా, కనుచూపు మేర ఇసుకే. నడుమ రెండు మూడు చోట్ల పాయలు. నీళ్లు మోకాలి దాకా. ఇసుకలో పుచ్చతీగలు, దోసపాదులు వేశారు. మన దగ్గర గోదావరంటే లాంచీలు, పుష్కరాల రేవులు. ఇక్కడ అదే గోదావరిలో ఒకాయన పుచ్చకాయ కోసి, "బోణీ బేరం, పావలా ఇయ్యి సార్" అన్నాడు. ఎర్రగా, తియ్యగా ఉంది. సగం కనకయ్యే తిన్నాడు.

రెండో పాయలో నా కాలు జారింది. కెమెరా సంచి నెత్తిన ఉంది కనక బతికిపోయింది. నేను మాత్రం పీకల్దాకా మునిగాను. రూతమ్మగారు వెనక్కి తిరిగి, "ఓడ మీద సముద్రం దాటొచ్చి మోకాటి నీళ్లల్ల పడ్డవా!" అని పడీ పడీ నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకూ ధైర్యం వచ్చింది. భర్తకు జరగరానిది జరిగి ఉంటే ఇంత నవ్వు ఎక్కడిది?

నస్పూరులో

చెల్లెలి ఇంటి ముందు వేపచెట్టు నీడలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు యాకోబుగారు. ఇంత మనిషి. కోరమీసం. చెంగుమని లేస్తాడనుకున్నాను. లేవలేదు. మమ్మల్ని చూడగానే తువ్వాల తీసి ఎడమ పాదం మీద కప్పుకున్నాడు.

"దాక్కుంటె ఎన్ని రోజులు దాక్కుంటవ్?" అంది రూతమ్మగారు.

ఆయన నా వైపు చూశాడు. "కొడుకు మంచిగున్నడా సారూ?"

"ఉన్నాడు. మీ మీద బెంగతో సగమయ్యాడు. ఏం జరిగిందండీ?"

"ఏమాయె! పైనుంచి పెళ్ల కూలింది. నెత్తి మీద పడాల్సింది కాలు మీద పడ్డది. సగం పాదం దవాఖానల ఇడిసిపెట్టి వచ్చిన." అంత తేలిగ్గా చెప్పి, తువ్వాలను పాదానికి ఇంకా గట్టిగా చుట్టుకున్నాడు. "ఇప్పుడు నన్ను పైన దీపాల గదిల కూసోబెట్టిన్రు. దిగేటోళ్లకు లైట్లు అందిస్త. బొగ్గు కొట్టిన సేతులు సారూ ఇవి. మేం బాయి దిగుతుంటె ఎదురుంగ ఎవడన్న నిలవడేటోడా? ఇయ్యాల పోరగాండ్లు వచ్చి లైటియ్యి తాతా అంటున్నరు. గది కొడుకు సూడాల్నా?"

చచ్చాడో బతికాడో అని నేను హడలిపోతుంటే ఆయన బాధ ఇదీ! ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి ఆ మంచం మీదే ఆయన పక్కన కూలబడ్డాను. నా తడి బట్టలకు మంచమంతా తడిసింది.

"తెలిస్తే ఆడు అన్ని ఇడిసిపెట్టి వస్తడు," అన్నాడు యాకోబుగారు. తరవాత నా చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, గింత దూరం వచ్చిన్రు. కాదనను. గని ఛాతీ దాక తియ్యిండ్రి. మీసం మంచిగ పడేటట్టు తియ్యిండ్రి. కాళ్లు ఎందుకు?"

నేను ఇరుక్కుపోయాను. కొడుకు కాళ్ల దాకా అన్నాడు. తండ్రి ఛాతీ దాకా చాలన్నాడు. జీవితమంతా లేని బుగ్గలు తెచ్చిపెట్టిన చేతికి ఉన్న పాదాన్ని దాచడం ఎంత పని? కెమెరా కాస్త ముందుకు జరిపితే సరిపోతుంది. నిజం చెబుతున్నాను, జరిపేవాణ్ణే. ఆయన చెయ్యి అలా పట్టుకున్నాడు.

రూతమ్మగారు అడ్డం వచ్చింది. "సగం ఫోటో తీస్తవా? సగమే పంపితే మిగిలిన సగం ఏడికి పోయిందని ఆడు ఏడ్వడా? గీ పాదమే పోయిందనుకుంటడా, నడుము కాడికి లేదనుకుంటడు! గీయన నిన్నటి సంది కనవడకపోతె, కండ్ల ముందు నేనున్నా నమ్మక, గీ సారు నా మొగన్నే సంపిండు. ఆడు సముద్రం అవతల ఉన్నడు. ఆనికెట్ల నమ్మకం అయితది?"

కనకయ్య మెల్లగా అన్నాడు, "అన్నా, వదినె మాట నిజమే. మనోళ్లను పటంల సూసుడు నాకు శాతగాదే. నిలవడి దిగు."

ఆయన లేచాడు. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అది భుజాల దగ్గర పట్టేసింది. గోడకు ఆనించిన కర్రను దూరంగా పెట్టబోతే రూతమ్మగారే తెచ్చి చేతిలో పెట్టింది. "పట్టుకో. పడితివంటే గది గూడ ఫోటోల వస్తది." ఆయనకు నవ్వొచ్చింది. నేను నొక్కాను.

చెబితే నమ్మరు. అరబ్బు షేకుల్ని తీశాను, పెళ్లికొడుకుల్ని తీశాను. ఫోటోకు నిలబడి అంత నిటారుగా ఉన్న మనిషిని నేను చూడలేదు. తరవాత ఇద్దర్నీ కలిపి తీశాను. కనకయ్య కూడా మధ్యలో దూరాడు.

మళ్లీ కువైట్

నా సెలవు అయిపోయింది. ఓడలో వాంతులు, బొంబాయిలో దోమలు, అవన్నీ మీకెందుకు. గదికి చేరేసరికి దానియేలు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. చేతులు కూడా కడుక్కోలేదు.

"నిలువు ఫోటోయేనా?" అన్నాడు.

"నిలువుదే. పెన్సిలు పెట్టలేదు."

దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గాయం మానిందని, కంపెనీ పని ఇచ్చిందని, నువ్వు ఉద్యోగం వదలకూడదని మీ నాయన మరీ మరీ చెప్పాడని. నా మాటలు నా నోట్లోనే ఉన్నాయి. దానియేలు ఫోటోను కాళ్ల వైపు నుంచి చూడడం మొదలుపెట్టాడు. పాదం దగ్గర ఆగిపోయాడు.

"ఇప్పుడేం పని చేస్తున్నడు?"

"దీపాల గదిలో. పైనే."

"మళ్ల కిందికి పంపుతరా?"

"పంపరు. ఇక దిగే పని లేదు. ఆయనకు అదే బాధ."

దానియేలు మంచం మీద కూర్చుని ఏడ్చాడు. భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాను. ఏడుస్తున్నవాడు నవ్వుతున్నాడు.

"నా చిన్నప్పటి సంది అన్నా, టైం గాని టైంల సైరన్ కూస్తే మా అమ్మ పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి గేటు కాడికి ఉరికేది. ఎనుక నేను ఉరికేటోన్ని. ఈడికొచ్చినంక గూడ ఏ ఫ్యాక్టరీ సైరన్ కూసినా నా కాళ్లు ఆగయి." ఫోటోను తిప్పి ఒళ్లో బోర్లించుకున్నాడు. "నేను ప్రతి ఆదివారం చర్చిల ఏమని ప్రార్థన చేస్తనో ఎరికేనా? ప్రభువా, మా నాయిన పాణం తియ్యకు, ఇగ బాయి దిగకుండేటంత దెబ్బ ఒక్కటి తగలనియ్యి అని. కన్నకొడుకు అడిగే మాటనేనా గిది? ఎవరికీ చెప్పుకోలేదన్నా."

"దేవుడు పాదంతో సరిపెట్టాడు కదరా," అన్నాను.

దానియేలు చేతిగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. ఫోటో మళ్లీ తిప్పి, ఈసారి మొహం నుంచి మొదలుపెట్టి పాదాల దాకా తీరిగ్గా చూశాడు.

"ఇగ వచ్చే ఆదివారం ఏం అడుగాలె అన్నా?" అన్నాడు.